కంప్యూటరు దస్త్రము కోర్టులో నిలుచుటెట్లు?

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతపు నల్లరేగడి భూములలో పత్తియు, మిరపయు ప్రధానమైన పైరులు. పంట చేతికి వచ్చు రోజులలో ప్రతి గ్రామమునను కొనుగోళ్ళు, అమ్మకములు ముమ్మరముగ సాగును. పూర్వము సరకు చేతులు మారినపుడు కాటా చీటీయో, ప్రోనోటో, నలుగురు పెద్దమనుష్యుల మాటయో సాక్ష్యముగ నుండెడిది. నేడు ధర ఫోనులో కుదురుచున్నది. కాటా చీటీ ఛాయాచిత్రమై వాట్సాపులో వచ్చుచున్నది. బయానా యూపీఐ ద్వారా బ్యాంకు ఖాతాకు జమపడుచున్నది. సాక్ష్యము ఇనుప పెట్టెలో గాక జేబులోని సెల్‌ఫోనులో నున్నది.

ఈ మార్పు వలన సౌకర్యము కలిగినది. కాని తగాదా వచ్చిన నాడు ఫోనులోని సాక్ష్యము న్యాయస్థానమున నిలుచునా? నిలువవలెనన్న మనము చేయవలసినదేమి? ఈ సంగతి పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనవలెను. ఏలయన, తగాదా పడిన రైతు ముందుగా తలుపు తట్టునది వారి యింటినే. అదియును గాక, నేడు పంచాయతీ లెక్కలు సహితము కంప్యూటరులోనే యున్నవి.

ఒక రైతు కథ

ఒక ఉదాహరణమును ఊహించుకొందము. ఒక రైతు కళ్లమునొద్దనే 60 టిక్కీల మిరపకాయలు అమ్మినాడు. తూకము 24 క్వింటాళ్ళు. క్వింటాలుకు రూ. 16,000 చొప్పున కొందునని వ్యాపారి వాట్సాపులో వ్రాసినాడు. మొత్తము రూ. 3,84,000. అందులో రూ. 1,50,000 యూపీఐ ద్వారా చెల్లించి, మిగిలినది నెలలోపల ఇచ్చెదనన్నాడు. నెలలు గడచినవి. తుదకు వ్యాపారి, "సరకులో తాలు ఎక్కువగ నున్నది, మనము అనుకొన్న ధర రూ. 14,000 మాత్రమే" అన్నాడు. ఆ మాట ప్రకారము రైతునకు రూ. 48,000 నష్టము.

రైతు వద్ద సందేశమున్నది గదా యని మన మనుకొందుము. కాని ఈలోగా అతని కుమారుడు పాత ఫోనును దుకాణములో మార్పిడికిచ్చి క్రొత్తది కొన్నాడు. పాత సందేశములు క్రొత్త ఫోనులోనికి రాలేదు. ఆ సందేశమును ఫొటో తీసి మేనల్లునికి పంపియుండుటచే, ఆ బొమ్మ మాత్రము మిగిలినది. అది నిజమైన సందేశపు బొమ్మయేనా, ఎవరైన కల్పించినదా యని ఎదుటి న్యాయవాది అడుగును. సమాధానము చెప్పగల వస్తువు దుకాణమునకు పోయినది. రైతు పలుకునది సత్యమే. కాని దానిని రుజువుపరచు సాధనము చేజారినది.

ఈ వ్యాసము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. ఎలక్ట్రానిక్ సాక్ష్యము వ్యాజ్యము వేసిన నాడు సంపాదింపదగినది కాదు, తగాదా పొడసూపిన నాడే భద్రపరుపదగినది.

చట్టము నడచిన దారి

యంత్రము పలికిన సాక్ష్యమును కోర్టులు నమ్ముట క్రొత్త గాదు. టేపు రికార్డరులో పట్టిన సంభాషణ చెల్లునని సుప్రీం కోర్టు 1972లోనే మల్కానీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కాని అందుకు నియమములు పెట్టినది: ఆ సంభాషణ వ్యాజ్య విషయమునకు సంబంధించినదై యుండవలెను, పలికిన గొంతును గుర్తింపవలెను, టేపును చెరిపి మార్చుటకు అవకాశము లేదని రుజువు కావలెను. సాధనములు మారినను ఈ మూడు ప్రశ్నలు నేటికిని మారలేదు.

కంప్యూటరుల కాలమునకు తగినట్లు సమాచార సాంకేతిక చట్టము 2000వ సంవత్సరము అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. దాని ద్వారా 1872 నాటి సాక్ష్య చట్టమున 65-బి యను సెక్షను చేరినది. కంప్యూటరు నుండి తీసిన ప్రతిని కోర్టులో దాఖలు చేసినపుడు, అది ఏ యంత్రము నుండి, ఏ రీతిగ వచ్చినదో తెలుపు ధ్రువపత్రము జతపరుపవలెనని ఆ సెక్షను విధించినది. అయినను 2005లో పార్లమెంటుపై జరిగిన దాడికి సంబంధించిన వ్యాజ్యమున, ధ్రువపత్రము లేకున్నను ఫోను పిలుపుల పట్టికలను ఇతర విధముల రుజువు చేయవచ్చునని సుప్రీం కోర్టు అంగీకరించినది.

ఈ అభిప్రాయము 2014 సెప్టెంబరు 18న మారినది. కేరళ శాసనసభకు 2011లో జరిగిన ఎన్నికను గూర్చిన అన్వర్ - బషీర్ వ్యాజ్యమది. ఎన్నికల ప్రచారమున వినిపించిన పాటలను, ఉపన్యాసములను సీడీలకెక్కించి పిటిషనుదారు దాఖలు చేసినాడు. అవి అసలు రికార్డులు కావు, ప్రతులు మాత్రమే. వానికి ధ్రువపత్రము లేదు. కావున వానిని సాక్ష్యముగ స్వీకరింపజాలమని న్యాయస్థానము తేల్చినది. అసలు సాధనములనే స్వాధీనపరచుకొని కోర్టు ముందుంచి యుండిన పరిస్థితి వేరుగ నుండెడిదనియు చెప్పినది.

ఇంకొక తీర్పు పంచాయతీ సభ్యులకు మరింత ఆసక్తికరము. మహారాష్ట్రలోని జాల్నా స్థానమునకు 2014లో జరిగిన శాసనసభ ఎన్నికలో ఒక అభ్యర్థి నామినేషను పత్రములు గడువు వేళయైన మధ్యాహ్నము 3 గంటలు దాటిన పిదప దాఖలైనవని వివాదము. అధికారి కార్యాలయమున తీసిన వీడియోయే ముఖ్య సాక్ష్యము. పిటిషనుదారులు పలుమారులు కోరినను ధ్రువపత్రము అధికారుల నుండి లభింపలేదు. ఈ వ్యాజ్యమున 2020 జులై 14న సుప్రీం కోర్టు త్రిసభ్య ధర్మాసనము కొన్ని విషయములను స్పష్టపరచినది.

మొదటిది, ప్రతిని దాఖలు చేయువారు ధ్రువపత్రము తప్పక జతపరుపవలెను. రెండవది, అసలు ఫోనునో కంప్యూటరునో దాని యజమాని స్వయముగ బోనెక్కి కోర్టు ముందుంచి, అది తనదని చెప్పి రుజువుపరచిన యెడల ధ్రువపత్రమక్కరలేదు. మూడవది, ధ్రువపత్ర మీయవలసినవారు నిరాకరించిన యెడల, దానిని ఇప్పించుమని కోర్టునే వేడవచ్చును. చేయగల ప్రయత్నమంతయు చేసిన వానిపై చట్టము అసాధ్యమైన భారము మోపదు.

1872 నాటి చట్టమునకు బదులుగ భారతీయ సాక్ష్య అధినియమము, 2023 అను చట్టము 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీ నాటికి విచారణలో నున్న వ్యాజ్యములకు పాత చట్టమే వర్తించును. క్రొత్త చట్టమున 65-బి స్థానమును 63వ సెక్షను ఆక్రమించినది. సక్రమమైన అధీనము నుండి వచ్చిన ఎలక్ట్రానిక్ దస్త్రము, ఎదుటివారు వివాదపరుపనంత వరకు, ప్రాథమిక సాక్ష్యమేనని 57వ సెక్షను చెప్పుచున్నది. అయినను ఎదుటివారు వివాదపరచుదురో లేదో ముందుగ తెలియదు గావున, ధ్రువపత్రమును సిద్ధపరచుకొనుటయే క్షేమము.

ధ్రువపత్రములో నేముండును?

క్రొత్త చట్టము ధ్రువపత్రపు నమూనాను షెడ్యూలుగ జతపరచినది. అందులో రెండు భాగములు గలవు. 'ఎ' భాగమును దస్త్రము దాఖలు చేయు పక్షము వారు నింపవలెను. ఏ పరికరము నుండి దస్త్రము వచ్చినది, దాని తయారీదారు, మాదిరి, రంగు, వరుస సంఖ్య ఏవి, ఫోనైనచో దాని ఐఎంఈఐ సంఖ్య యేది, ఆ పరికరము సక్రమముగ పని చేయుచుండెనా యను వివరములు అందు వ్రాయవలెను. 'బి' భాగమును నిపుణుడు నింపవలెను. కావున నేడు ధ్రువపత్రమునకు రెండు సంతకములు కావలెను. నిపుణుడుగ ఎవరి సంతకము తీసికొనవలెనో న్యాయవాదిని ముందుగనే సంప్రదించి నిర్ణయించుకొనుట మేలు. ఆ దస్త్రమును దాఖలు చేసిన ప్రతిసారియు ధ్రువపత్రము వెంట నుండవలెను.

రెండు భాగములలోను 'హాష్ విలువ' యను ఒక అంశము గలదు. ఇది క్రొత్త మాట గావున కొంత వివరింపవలెను. మనుష్యునకు వేలిముద్ర యెట్టిదో దస్త్రమునకు హాష్ విలువ యట్టిది. కంప్యూటరు ఒక గణిత పద్ధతి ననుసరించి దస్త్రమును ఆమూలాగ్రము చదివి, అక్షరములు, అంకెలు కలిసిన ఒక చిన్న గుర్తును కట్టును. 'షా-256' అను పద్ధతిలో ఆ గుర్తు 64 అక్షరముల పొడవుండును. దస్త్రము ఒక పుట యైనను, వేయి పుటలైనను గుర్తు పొడవు మారదు. కాని దస్త్రములో ఒక్క చుక్క మార్చినను గుర్తు పూర్తిగ మారిపోవును. భద్రపరచిన నాటి గుర్తును, కోర్టులో దాఖలు చేసిన నాటి గుర్తును పోల్చి చూచి, నడుమ ఎవరును చేయి పెట్టలేదని నిపుణుడు చెప్పగలడు.

షెడ్యూలులో షా-1, షా-256, ఎండీ-5 అను పద్ధతులు పేర్కొనబడినవి. వీనిలో ఎండీ-5కు 2004లోను, షా-1కు 2017లోను వేర్వేరు దస్త్రములకు ఒకే గుర్తు వచ్చునట్లు చేయవచ్చునని శాస్త్రజ్ఞులు చూపినారు. కనుక షా-256ను ఎన్నుకొనుట ఉత్తమము.

దీనిని బట్టి ఒక సంగతి బోధపడును. వాట్సాపులో ఛాయాచిత్రమును మామూలుగ పంపినపుడు ఆ యంత్రాంగము బొమ్మ పరిమాణమును తగ్గించును. కంటికి బొమ్మ ఒకటిగనే కనబడినను, అసలు దస్త్రము వేరు, చేరిన దస్త్రము వేరు. బొమ్మ ఎప్పుడు, ఏ పరికరముతో తీయబడినదో తెలుపు లోపలి వివరములును పోవును. మన కథలోని రైతు మేనల్లునికి పంపిన బొమ్మ బలహీనమగుటకు ఇది యొక కారణము.

కంప్యూటరు మరచిపోదు

దాచిన లెక్కలను కంప్యూటరు నుండి వెలికి తీయుటకు మన తెలుగునాటనే ఒక గొప్ప ఉదాహరణము గలదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7న ఒక లేఖ వ్రాసి, సంస్థ లెక్కలలో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో రూ. 5,040 కోట్లు అసలు లేనివేనని ఒప్పుకొన్నాడు. లేఖ వ్రాసినంత మాత్రమున వ్యాజ్యము తేలదు గదా! లేని ఆదాయము పుస్తకములలోనికి ఎట్లు వచ్చినదో దర్యాప్తు అధికారులు రుజువు చేయవలసి వచ్చినది.

వారు బిల్లులు తయారు చేయు కంప్యూటరు వ్యవస్థను పరీక్షించినారు. అందు 7,561 దొంగ బిల్లులు బయటపడినవి. ప్రత్యేకాధికారము గల లాగిన్‌తో వానిని చొప్పించి, మామూలు ఉద్యోగుల కంటబడకుండ దాచు గుర్తు పెట్టినారు. కంటికి కనబడకున్నను ఆ బిల్లులు యంత్రములోనే యున్నవి. హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము 2015 ఏప్రిలు 9న 10 మందిని దోషులుగ నిర్ణయించి శిక్ష విధించినది. ఆ తీర్పుపై వారు అప్పీళ్ళు దాఖలు చేసికొన్నారు.

ఇట్టి పనికి లెక్కలు తెలిసినవాడొక్కడు చాలడు, న్యాయవాది యొక్కడును చాలడు. ఏ దస్త్రము వ్యాజ్యమునకు అవసరమో న్యాయవాదికి తెలియును. అది యంత్రములో ఎచ్చట నున్నదో సాంకేతిక నిపుణునకు తెలియును. హైదరాబాదులోని కేంద్ర న్యాయవైజ్ఞానిక ప్రయోగశాల వంటి సంస్థలలో ఫోనులను, కంప్యూటరులను పరీక్షించు ప్రత్యేక విభాగములు గలవు. సమాచార సాంకేతిక చట్టము 79-ఎ సెక్షను క్రింద ప్రభుత్వము ప్రకటించిన ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుల అభిప్రాయమునకు చట్టము విలువ నిచ్చుచున్నది.

ఎదుటివారి వద్ద నున్న దస్త్రములు

సాక్ష్యము ఎల్లప్పుడు మన వద్దనే యుండదు. వ్యాపారి కంప్యూటరులోనో, మిల్లు సీసీ కెమేరాలోనో ఉండవచ్చును. ఎదుటి పక్షము వద్దనున్న దస్త్రములను కోర్టు ద్వారా బయట పెట్టించు పద్ధతి సివిలు ప్రొసీజరు కోడు 11వ ఆర్డరులో చిరకాలముగ గలదు. కంప్యూటరు దస్త్రములకు ఇట్టి పద్ధతిని వర్తింపజేయుటను 'ఎలక్ట్రానిక్ డిస్కవరీ' అందురు. ఇది అమెరికాలో పెద్ద వృత్తిగ పెరిగినది. ఆ దేశపు సివిలు నియమములలో ఎలక్ట్రానిక్ సమాచారము 2006 డిసెంబరు 1 నుండి ప్రత్యేకముగ చేరినది.

ఆ పనిలో అంతస్తులు గలవు. అవసరమైన దస్త్రములు ఎచ్చట నున్నవో గుర్తించుట, చెరిగిపోకుండ భద్రపరచుట, మార్పు లేకుండ సేకరించుట, ఒకే దస్త్రము పలుమారులు వచ్చిన తీసివైచుట, మిగిలిన వానిని న్యాయవాదులు చదువుట, కోర్టుకు సమర్పించుట. కళ్లములో తాలుకాయ లేరి, రంగును బట్టి కాయను వేరుచేసి, పిమ్మట టిక్కీలకెత్తినట్లే లక్షలకొలది సందేశముల నుండి పనికివచ్చు కొలదిపాటి వానిని ఏరుదురు.

ఈ పనిలో ముఖ్యమైన పాఠమును న్యూయార్కులోని జుబులేక్ వ్యాజ్యము చెప్పుచున్నది. ఒక ఉద్యోగిని తన్ను అన్యాయముగ తొలగించినారని పెద్ద బ్యాంకుపై దావా వేసినది. వ్యాజ్యము రానున్నదని తెలిసిన పిదపను కొందరు ఉద్యోగులు ఈమెయిళ్ళను తొలగించిరి. న్యాయమూర్తి షిరా షైండ్లిన్ 2003, 2004 సంవత్సరములలో ఇచ్చిన ఉత్తరువులలో, తగాదా వచ్చునని తోచిన క్షణము నుండియే దస్త్రములను కాపాడు బాధ్యత మొదలగునని చెప్పినారు. చెరిపివేసిన ఈమెయిళ్ళు బ్యాంకునకు ప్రతికూలముగ నుండెనని భావింపవచ్చునని జ్యూరీకి తెలుపనిర్ణయించినారు. 2005లో జ్యూరీ ఆమెకు 2 కోట్ల 90 లక్షల డాలర్లకు మించిన పరిహారము ప్రకటించినది.

మన చట్టమునను ఇట్టి సూత్రము లేకపోలేదు. తన వద్దనున్న సాక్ష్యమును దాఖలు చేయక దాచినవానికి ఆ సాక్ష్యము ప్రతికూలమని కోర్టు భావింపవచ్చునని సాక్ష్య అధినియమము 119వ సెక్షను ఉదాహరణమున గలదు. కోర్టుకు రాకుండ చేయవలెనను ఉద్దేశముతో ఎలక్ట్రానిక్ దస్త్రమును ధ్వంసము చేయుట భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను క్రింద శిక్షింపదగిన నేరము. వాణిజ్య న్యాయస్థానముల చట్టము, 2015 ప్రకారము, దాని పరిధిలోనికి వచ్చు వ్యాజ్యములలో పక్షములు తమ వద్దనున్న సంబంధిత దస్త్రములన్నిటిని, ఎలక్ట్రానిక్ దస్త్రములతో సహా, మొదటనే వెల్లడింపవలెను. ఆ చట్టము వర్తించు విలువ 2018లో రూ. 3 లక్షలకు తగ్గింపబడినది. కనుక వర్తకుల నడుమ పుట్టు పత్తి, మిరప వ్యాపారపు తగాదాలలో పలుమారులు ఈ నియమము పనికివచ్చును.

గడువుల సంగతి

అమ్మిన సరకు సొమ్ము రాబట్టుటకు దావా వేయవలసిన గడువు కాలపరిమితి చట్టము, 1963 ప్రకారము సాధారణముగ 3 సంవత్సరములు. ఇంకను గడువున్నది గదా యని చాలమంది ఊరకుందురు. కాని ఫోను సంస్థలు పిలుపుల పట్టికలను భద్రపరుపవలసిన కనీస కాలము 2021 డిసెంబరులో చేసిన మార్పు ప్రకారము 2 సంవత్సరములు మాత్రమే. సీసీ కెమేరా దృశ్యము నిలుచునది కొన్ని దినములో, కొన్ని వారములో. పెట్టె నిండినంతనే పాతదానిపై క్రొత్తది ఎక్కును. అనగా దావా వేయు హక్కు బ్రతికియుండగనే సాక్ష్యము చచ్చిపోవచ్చును. పిలుపుల పట్టికలో ఎవరు, ఎవరికి, ఎప్పుడు ఫోను చేసినదియు తెలియును గాని, ఏమి మాటలాడినదియు తెలియదు. దానిని పోలీసుల ద్వారా గాని, కోర్టు ద్వారా గాని తెప్పింపవలెను.

బ్యాంకు లెక్క కొంత నమ్మకమైనది. 1891 నాటి బ్యాంకరుల పుస్తక సాక్ష్య చట్టము ప్రకారము బ్యాంకు ధ్రువపరచి యిచ్చిన ఖాతా ప్రతి సాక్ష్యముగ చెల్లును. మన రైతునకు ముట్టిన రూ. 1,50,000 ఈ విధముగ రుజువగును. కాని అది క్వింటాలు ధరను చెప్పదు. ధర చెప్పునది సందేశమొక్కటే.

విత్తనముల విషయమున ఒక ఊరట గలదు. మన రాష్ట్ర రైతుల ఫిర్యాదులపై జాతీయ విత్తనముల సంస్థ వ్యాజ్యమున సుప్రీం కోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పుచు, రైతులు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చునని, నాటవలసిన విత్తనమును పరీక్ష కొరకు మిగిల్చి యుంచవలెనని రైతు నుండి ఆశింపరాదని పలికినది. విత్తనము మిగులకున్నను రసీదు, సంచి, సంచిపై లాటు సంఖ్య, మొలకదశ నుండి తీసిన ఛాయాచిత్రములు మిగులవలెను.

పంచాయతీ కార్యాలయమునకు వర్తించునవి

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఈ-గ్రామస్వరాజ్ అను పోర్టలును 2020 ఏప్రిలు 24న ప్రారంభించినది. పంచాయతీ ప్రణాళికలు, పద్దులు, చెల్లింపులు కంప్యూటరునకెక్కినవి. చెల్లింపులకు డిజిటలు సంతకము వచ్చినది. ఇది చేతి సంతకముతో సమానము. సంతకపు సాధనమును, దాని రహస్య సంఖ్యను ఇతరుల చేతికిచ్చుట, ఖాళీ చెక్కుపై సంతకము చేసి యిచ్చుట వంటిది. ఆ సాధనమును తన అదుపులో నుంచుకొనుటకు తగిన జాగ్రత్త తీసికొనుట సంతకదారుని విధియని సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను శాసించుచున్నది. అది పరుల పాలైనచో ఆలస్యము చేయక, దానిని జారీ చేసిన సంస్థకు తెలుపవలెను. "నాకు తెలియకుండ నా సంతకముతో చెల్లించినారు" అను సమాధానము తరువాత నిలుచుట కష్టము.

సమాచార హక్కు చట్టము, 2005 ప్రకారము 'రికార్డు' అనగా కాగితము మాత్రమే కాదు. కంప్యూటరు తయారు చేసినదియు రికార్డే. కనుక పంచాయతీ పనుల ఛాయాచిత్రములు, గ్రామసభ వీడియోలు, టెండరు ఈమెయిళ్ళు ఎవరి సొంత ఫోనులోనో ఉండరాదు. అధికారి బదిలీ యగును, ఫోను మారును, రికార్డు మాయమగును. పోరంబోకు ఆక్రమణపైననో, రోడ్డు పని కొలతపైననో వ్యాజ్యము వచ్చినపుడు పంచాయతీ చేతులు ముడుచుకొని నిలువవలసి వచ్చును. కార్యాలయపు కంప్యూటరులో వానిని దాచి, వేరొకచోట మరియొక ప్రతి నుంచి, ఎవరి అధీనమున నున్నవో రిజిస్టరులో వ్రాయవలెను. రేపు ధ్రువపత్రముపై సంతకము చేయవలసినవారు ఆ అధీనదారులే. లాయరు నోటీసు అందిన దినముననే, ఆ విషయమునకు సంబంధించిన దేనిని తొలగింపరాదని వ్రాతపూర్వకముగ ఉత్తరు వీయవలెను.

గ్రామస్థులకు చెప్పవలసినవి

1. తగాదా పొడసూపినపుడు ఫోనును మార్పిడికి ఈయరాదు, అమ్మరాదు, చెరిపి క్రొత్తదిగ చేయరాదు. సందేశములను తొలగింపరాదు.

2. ఫొటో తీసిన బొమ్మ గుర్తునకు పనికివచ్చును గాని, అసలు సందేశమునకు బదులు గాదు. రెండును ఉంచుకొనవలెను.

3. అసలు దస్త్రమును మార్చక ఒక పెన్‌డ్రైవులో ప్రతి తీసి, తీసిన తేదీ, వేళ, తీసినవారి పేరు, పరికరపు సంఖ్య కాగితముపై వ్రాసికొనవలెను. అది చేతులు మారిన ప్రతిసారియు ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు సంతకములు చేయవలెను.

4. సీసీ కెమేరా దృశ్యము కావలసినచో ఆ దినముననే యజమానిని వ్రాతపూర్వకముగ కోరవలెను. వారు ఈయనిచో ఆలస్యము లేక న్యాయవాదిని కలిసికొనవలెను.

5. ఎదుటివారి ఫోనునో, ఖాతానో వారి అనుమతి లేక తెరచుట నేరము. సత్యము కొరకైనను ఆ పని చేయరాదు.

6. నోటిమాటతో ధర కుదిరినపుడు, "ఇన్ని క్వింటాళ్ళు, ఈ ధరకు, ఈ తేదీలోపల సొమ్ము" అని వెంటనే సందేశము వ్రాసి, ఎదుటివారి అంగీకారమును తెప్పించుకొనవలెను.

7. ఆన్‌లైను మోసమున సొమ్ము పోయినచో ఆ క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకొనలేనివారు నిరాశపడనక్కరలేదు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టము, 1987 ప్రకారము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు, నిర్ణీత ఆదాయము లోపలివారికి ఉచిత న్యాయ సహాయము లభించును. జిల్లా న్యాయ సేవల అధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేసియు సలహా పొందవచ్చును.

మన కథలోని రైతు పాత ఫోనును మార్పిడికీయక పెట్టెలో దాచియుండిన, దానిని చేతబట్టి స్వయముగ బోనెక్కి, "ఇది నా ఫోను, ఇది అతడు పంపిన సందేశము" అని చెప్పగలిగెడివాడు. పాత ఫోనుకు దుకాణదారు కట్టిన వెల కొలది సొమ్ము. దానితో పోయినది రూ. 48,000 ధర తేడా సాక్ష్యము. పూర్వము మన పెద్దలు ప్రోనోటును ఎలుకలు కొట్టకుండ, చెదలు పట్టకుండ కాపాడెడివారు. ఆ జాగ్రత్తనే నేడు సెల్‌ఫోనుపై చూపవలెను. పంచాయతీ సభ్యులు ఈ సంగతులను రాబోవు గ్రామసభలో చదివి వినిపించి, పంట అమ్మకములు మొదలగుటకు ముందే ప్రతి రైతు చెవిని వేయుదురు గాక.